జత దొరకనివాళ్లను ఏ పద్ధతి ఏం చేస్తుంది? మ్యాచింగ్ పద్ధతుల్లో ఎంపికకు కొన్ని సూచనలు

మ్యాచింగ్ పద్ధతిని ఎంచుకునేటప్పుడు చాలామంది చూసేది ఒక్కటే, జతలు ఎంత దగ్గరగా కుదిరాయి అని. జత కుదరక మిగిలిపోయినవాళ్ల సంఖ్య ఔట్‌పుట్‌లో ఎక్కడో ఒక వరుసలో కనిపిస్తుంది. దాన్ని చూసీ చూడనట్టు దాటేస్తారు. ఎంపిక ఆ వరుస దగ్గరే మొదలవ్వాలని నా గట్టి నమ్మకం. ప్రతి పద్ధతీ ఎవరినో ఒకరిని వదిలేస్తుంది, లేదా ఎవరినీ వదలకుండా ఉండడానికి ఇంకోచోట రాజీ పడుతుంది. ఎవరు పోయారో తెలియకుండా వచ్చిన అంకె ఎవరి గురించి చెబుతోందో తెలియదు.

సందర్భం అందరికీ తెలిసిందే. ఒక శిక్షణో, మందో, పథకమో కొందరికి అందింది, కొందరికి అందలేదు. లాటరీ తీసి పంచలేదు కాబట్టి రెండు గ్రూపులూ మొదటినుంచే వేరుగా ఉంటాయి. అందుకే ట్రీట్‌మెంట్ అందుకున్న ఒక్కొక్కరికీ వయసు, చదువు, ఆదాయం లాంటి లక్షణాల్లో పోలిన మనిషిని కంట్రోల్ గ్రూపులో, అంటే అది అందనివాళ్లలో, వెతుకుతాం. ఇదే మ్యాచింగ్. ఇక్కడ మనకు కావలసింది చాలాసార్లు ఏటీటీ, అంటే ట్రీట్‌మెంట్ అందుకున్నవాళ్ల మీద సగటు ప్రభావం. ఈ వ్యాసమంతా దాన్నే దృష్టిలో పెట్టుకుని రాశాను.

మిగిలింది ఏ వైపు?

మొదటి ప్రశ్న ఇదే. కంట్రోల్ గ్రూపులో మిగిలిపోవడం, ట్రీట్‌మెంట్ గ్రూపులో మిగిలిపోవడం రెండూ ఒకటి కావు.

కంట్రోల్స్ మిగిలితే పెద్దగా బాధపడక్కర్లేదు. ఏటీటీ ట్రీట్‌మెంట్ గ్రూపు గురించిన ప్రశ్న కాబట్టి, వాళ్లను పోలని కంట్రోల్స్ పక్కకు వెళ్లినా ప్రశ్న మారదు. డేటా అంత పారేస్తే కచ్చితత్వం పోదా అని అడుగుతారు. పోతుంది, కానీ అనుకున్నంత కాదు. ఒక వైపు 185 మంది, ఇంకో వైపు 429 మంది ఉన్నారనుకోండి. ఒక్కొక్కరికి ఒక్కరు చొప్పున 185 జతలు కట్టి 244 మంది కంట్రోల్స్‌ను వదిలేశాం. వాళ్లందరినీ ఉంచుకుని ఉంటే, రెండు వైపులా వేరియన్స్ (ఫలితాల చెదురు) ఒకటే అనుకుని లెక్కేస్తే, స్టాండర్డ్ ఎర్రర్ (అంచనాలోని అనిశ్చితి కొలత) దాదాపు 15 శాతం మాత్రమే తగ్గేది. చిన్న గ్రూపు సైజే కచ్చితత్వానికి హద్దు గీస్తుంది.

ట్రీట్‌మెంట్ వైపు మనిషి పోతే మాత్రం ప్రశ్నే మారిపోతుంది. ఉదాహరణకు 100 మందికి శిక్షణ అందింది. 80 మందికి జత దొరికింది, వాళ్ల మీద ప్రభావం 10 యూనిట్లు. జత దొరకని 20 మంది మీద నిజమైన ప్రభావం 2 యూనిట్లే. అసలు ఏటీటీ 8.4, మన పట్టిక చూపించేది 10. జతలన్నీ అచ్చు గుద్దినట్టు కుదిరినా ఈ తేడా పోదు. పైగా జత దొరకనివాళ్లు యాదృచ్ఛికంగా మిగిలినవాళ్లు కారు. వాళ్లు సాధారణంగా ట్రీట్‌మెంట్‌కు అందరికంటే ఎక్కువ అవకాశం ఉన్నవాళ్లు, అంటే అత్యంత పేదలు, అత్యంత జబ్బుపడ్డవాళ్లు, లేదా ఆ పథకం ఎవరి కోసం పెట్టారో సరిగ్గా వాళ్లే. ప్రభావం వాళ్ల మీద వేరుగా ఉండడానికి అన్ని కారణాలూ ఉంటాయి.

రోసెన్‌బామ్, రూబిన్ 1985లోనే దీని మీద ప్రత్యేకంగా ఒక పేపర్ రాశారు. జతలు కొంచెం దూరంగా కుదరడం వల్ల వచ్చే పక్షపాతం ఒకటి, కొందరికి అసలు జతే కట్టకపోవడం వల్ల వచ్చే పక్షపాతం ఇంకొకటి. వాళ్లు తీసుకున్న ఉదాహరణలో రెండోదే తీవ్రంగా ఉంది. అందరికీ జత కట్టే పద్ధతి వాడితే మిగిలిన తేడా చిన్నదే. జతలు ఇంకా బిగించాలి, ఇంకా బిగించాలి అని తాపత్రయపడేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఒకే డేటా, వేర్వేరు పద్ధతులు

మాటల్లో కంటే డేటాలో ఇది బాగా అర్థమవుతుంది. ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లోని మ్యాచ్‌ఇట్ ప్యాకేజీతో పాటు వచ్చే లలోండ్ డేటా మ్యాచింగ్ నేర్చుకునే ప్రతి ఒక్కరికీ ఎదురవుతుంది. 1970ల్లో అమెరికాలో నడిచిన నేషనల్ సపోర్టెడ్ వర్క్ అనే ఉద్యోగ శిక్షణ కార్యక్రమం నుంచి 185 మంది, పీఎస్‌ఐడీ అనే ఇంటింటి సర్వే నుంచి 429 మంది కంట్రోల్స్, మొత్తం 614 వరుసలు. రాబర్ట్ లలోండ్ 1986లో ఈ కార్యక్రమం డేటాతోనే, ప్రయోగం కాని పోలికలు ఎంత తప్పుదారి పట్టించగలవో చూపించారు. ఈ 614 మందిలో నేరుగా సగటులు తీసేస్తే శిక్షణ పొందినవాళ్ల 1978 సంపాదన 635 డాలర్లు తక్కువగా కనిపిస్తుంది. అదే 185 మందిని అసలు ప్రయోగంలోని కంట్రోల్స్‌తో పోలిస్తే దాదాపు 1,794 డాలర్లు ఎక్కువ.

ఇందులో జాతి అనే ఒక్క కాలమ్ చూడండి. ట్రీట్‌మెంట్ గ్రూపులో నల్లజాతివాళ్లు 156 మంది, కంట్రోల్స్‌లో 87 మందే. హిస్పానిక్ వర్గంలో 11కు 61, తెల్లజాతివాళ్లలో 18కి 281. ఇప్పుడు ఒక్కో పద్ధతినీ దీని మీద నడిపి చూద్దాం.

మ్యాచ్‌ఇట్‌లో ఏ సెట్టింగూ మార్చకపోతే నడిచేది నియరెస్ట్ నైబర్ (ఒక్కొక్కరికీ అతి దగ్గరగా పోలిన కంట్రోల్‌ను జత కట్టడం), ఒకరికి ఒకరు, రీప్లేస్‌మెంట్ లేకుండా, అంటే ఒకసారి వాడిన కంట్రోల్‌ను మళ్లీ వాడకుండా. 185 జతలూ కుదురుతాయి, ట్రీట్‌మెంట్ వైపు ఎవరూ మిగలరు. చూడ్డానికి బాగుంటుంది. కానీ నల్లజాతి కంట్రోల్స్ 87 మందే కాబట్టి, కనీసం 69 మంది నల్లజాతి అభ్యర్థులకు వేరే జాతివాళ్లు జతగా వచ్చి ఉంటారు. మిగిలిపోయినవాళ్లు లేరు, చెడు జతలు మాత్రం బోలెడు. అందుకే మిగిలిన సంఖ్య సున్నా అని చూసి సంతోషపడకూడదు.

జాతి తప్పనిసరిగా ఒకటే అవ్వాలని షరతు పెడితే 87, 11, 18 కలిపి 116 జతలు మాత్రమే వస్తాయి. 69 మంది ట్రీట్‌మెంట్ వైపు మిగిలిపోతారు, ఆ 69 మందీ నల్లజాతివాళ్లే. అసలు గ్రూపులో వాళ్ల వాటా 84 శాతం, జత కుదిరినవాళ్లలో 75 శాతం. అంటే ఇప్పుడు మనం వేరే జనాభా గురించి మాట్లాడుతున్నాం. ప్యాకేజీ ఒక హెచ్చరిక ఇస్తుంది, కానీ పని ఆపదు.

అదే షరతుతో రీప్లేస్‌మెంట్‌ను అనుమతిస్తే, అంటే ఒక కంట్రోల్ ఎన్ని జతల్లోనైనా ఉండొచ్చంటే, 185 మందికీ సొంత జాతి నుంచే జత దొరుకుతుంది. ఎవరూ పోలేదు, జాతి విషయంలో ప్రశ్నా మారలేదు. దీనికి బదులుగా కొద్దిమంది కంట్రోల్స్ మీదే భారమంతా పడుతుంది. ఎంత పడిందో తెలియాలంటే ఎఫెక్టివ్ శాంపిల్ సైజు చూడాలి: వెయిట్ల (ఒక్కో కంట్రోల్‌ను లెక్కలో ఎంత వాడామో చెప్పే సంఖ్యల) మొత్తాన్ని వర్గం చేసి, వెయిట్ల వర్గాల మొత్తంతో భాగించాలి. పది మంది కంట్రోల్స్‌లో ఒకరిని 11 సార్లు, మిగతా తొమ్మిది మందిని ఒక్కోసారి వాడితే, ఆ పది మంది విలువ దాదాపు ముగ్గురితో సమానం. ఆ ఒక్కరి ఫలితం అటూ ఇటూ అయితే మొత్తం లెక్క ఊగిపోతుంది. స్టాండర్డ్ ఎర్రర్ కూడా జాగ్రత్తగా తీయాలి. మామూలు బూట్‌స్ట్రాప్ (ఉన్న డేటా నుంచే మళ్లీ మళ్లీ శాంపిళ్లు తీసి లెక్కేయడం) ఇక్కడ పనిచేయదని అబాడీ, ఇంబెన్స్ 2008లో నిరూపించారు.

ఎవరినీ వదలని పద్ధతులు

ఫుల్ మ్యాచింగ్ నాకు బాగా ఇష్టమైన పద్ధతి. జతల బదులు చిన్నచిన్న గుంపులు కడుతుంది. ఒక గుంపులో ఒక ట్రీట్‌మెంట్ మనిషి, కొందరు కంట్రోల్స్ ఉండొచ్చు, లేదా ఒక కంట్రోల్, కొందరు ట్రీట్‌మెంట్ మనుషులు ఉండొచ్చు. క్యాలిపర్ (జతకు దూర పరిమితి) పెట్టనంతవరకు 614 మందీ ఏదో ఒక గుంపులో ఉంటారు. గుంపుల లోపల మనుషుల మధ్య మొత్తం దూరం అతి తక్కువ అయ్యేలా ఆప్టిమైజేషన్ చేస్తుంది కాబట్టి, ఎవరు ముందు వరుసలో ఉన్నారన్న దాని మీద ఫలితం ఆధారపడదు. సాధారణ నియరెస్ట్ నైబర్‌లో ఆ సమస్య ఉంది. ముందొచ్చినవాళ్లు మంచి కంట్రోల్స్‌ను పట్టుకుపోతారు, చివరివాళ్లకు మిగిలింది దక్కుతుంది. ఫుల్ మ్యాచింగ్‌లో చూసుకోవాల్సింది వెయిట్లను. ఒక కంట్రోల్ చుట్టూ పదుల కొద్దీ ట్రీట్‌మెంట్ మనుషులు చేరితే పరిస్థితి రీప్లేస్‌మెంట్‌కు దగ్గరగా వస్తుంది. గుంపుకు గరిష్ఠంగా ఎంతమందో పరిమితి పెట్టే వీలుంది.

సబ్‌క్లాసిఫికేషన్ కూడా ఎవరినీ వదలదు. ప్రాపెన్సిటీ స్కోరు (లక్షణాలను బట్టి ఒక మనిషికి ట్రీట్‌మెంట్ అందే అవకాశం ఎంతో చెప్పే అంచనా) ప్రకారం అందరినీ ఐదారు తరగతులుగా విడగొడుతుంది. కానీ చివరి తరగతిలో పోలిక మొరటుగా ఉంటుంది. అక్కడ ట్రీట్‌మెంట్ జనం కిక్కిరిసి, కంట్రోల్స్ ముగ్గురో నలుగురో ఉంటారు. జత దొరకనివాళ్ల సమస్య మాయమైనట్టు కనిపిస్తుందే గానీ, ఆ తరగతి లోపలే దాక్కుని ఉంటుంది.

కెర్నల్ మ్యాచింగ్ (ఒకరినే జత కట్టకుండా, దగ్గరి కంట్రోల్స్‌కు ఎక్కువ, దూరపువాళ్లకు తక్కువ వెయిట్ ఇచ్చి సగటు తీసే పద్ధతి) వాడేవాళ్లు ఒక చిన్న విషయం గమనించాలి. గాసియన్ కెర్నల్ అయితే ఎంత దూరంలో ఉన్న కంట్రోల్‌కైనా కొంత వెయిట్ వస్తుంది, కాబట్టి జత దొరకని మనిషంటూ ఉండరు. ఎపనెచ్నికోవ్ కెర్నల్‌కు హద్దు ఉంది. బ్యాండ్‌విడ్త్ (ఆ హద్దు దూరం) లోపల ఎవరూ లేకపోతే ఆ మనిషి బయటే. స్టాటా అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లోని పీఎస్‌మ్యాచ్2 కమాండ్ మామూలుగా వాడేది ఈ రెండోదే, 0.06 బ్యాండ్‌విడ్త్‌తో.

కావాలనే వదిలే పద్ధతులు

క్యాలిపర్ అంటే ఇంతకంటే దూరమైతే జత వద్దు అని గీసే గీత. ప్రాపెన్సిటీ స్కోరు లాజిట్ (స్కోరును లాగ్ ఆడ్స్‌గా మార్చిన రూపం) స్టాండర్డ్ డీవియేషన్‌లో 0.2 వంతు అనేది ఎక్కువగా వాడే సంఖ్య. 2011లో ఆస్టిన్ సిమ్యులేషన్లు దానికి బలమిచ్చాయి. మంచి సలహానే, కానీ దాన్ని చట్టంలా పాటించడం సరికాదు. ఆ గీత ట్రీట్‌మెంట్ వైపు 3 శాతాన్ని తీసేస్తే ఒక సంగతి, 30 శాతాన్ని తీసేస్తే వేరే సంగతి. ఇంకా బిగిస్తే ఇంకా మంచిదే కదా అనుకోవడానికీ లేదు. ప్రాపెన్సిటీ స్కోరు మీద అప్పటికే బాగా కుదిరిన డేటాను ఇంకా కత్తిరిస్తూ పోతే, ఒక దశ దాటాక అసలు లక్షణాల్లో బ్యాలెన్స్ (రెండు గ్రూపులూ దగ్గరగా ఉండడం) తిరిగి చెడిపోవచ్చని కింగ్, నీల్సన్ 2019లో వాదించారు. ప్రతిసారీ అలా జరగదు. జరిగిందో లేదో బ్యాలెన్స్ పట్టికలో చూసుకోవచ్చు.

సీఈఎమ్ (కోర్సెన్డ్ ఎగ్జాక్ట్ మ్యాచింగ్) పద్ధతిది వేరే స్వభావం. వయసును పదేళ్ల గదులుగా, చదువును మూడు నాలుగు అంచెలుగా ఇలా ప్రతి లక్షణాన్నీ ముతకగా విడగొట్టి, అన్నీ కలిసిన గదుల్లో మనుషులను వేస్తుంది. ఒక గదిలో రెండు రకాల వాళ్లూ ఉంటే ఉంచుతుంది, లేకపోతే ఆ గదిలో ఉన్నది ట్రీట్‌మెంట్ వాళ్లా కంట్రోల్సా అని చూడకుండా అందరినీ తీసేస్తుంది. దీని గొప్పతనం ఏమిటంటే, ఎంత తేడాను సహించాలో మీరే ముందు చెబుతారు. ఇబ్బంది ఏమిటంటే, ఎంతమంది పోతారో మీ చేతుల్లో ఉండదు. పది లక్షణాలు, ఒక్కోదానికి మూడు గదులు అంటే 59,049 గదులు. వేలల్లో ఉన్న డేటాలో వాటిలో చాలావరకు ఖాళీగానో, ఒంటరిగానో మిగులుతాయి. లక్షణాలు నాలుగైదు మించకుండా, డేటా పెద్దదిగా ఉన్నప్పుడు సీఈఎమ్ చక్కగా పనిచేస్తుంది. లక్షణాలు పెరిగేకొద్దీ నేను దీన్నుంచి దూరంగా జరుగుతాను.

కార్డినాలిటీ మ్యాచింగ్ ఇదే సమస్యను తలకిందులు చేస్తుంది. సగటుల్లో ఇంత తేడా వరకు ఒప్పుకుంటాను, ఆ షరతు తప్పకుండా వీలైనంత పెద్ద శాంపిల్ ఇవ్వు అని అడుగుతాం. ఎంతమంది పోతారన్నది ఇక్కడ కనిష్ఠానికి దిగుతుంది. కానీ ఫలానా మనిషి ఎందుకు పోయాడు అంటే చెప్పడం కష్టం. పాలసీ అధికారులకో డాక్టర్లకో వివరించాల్సి వస్తే అది చిన్న విషయం కాదు. మొత్తం ట్రీట్‌మెంట్ గ్రూపు సగటులనే లక్ష్యంగా పెట్టి కంట్రోల్స్‌ను మాత్రమే ఎంచే రకం కూడా ఉంది. ట్రీట్‌మెంట్ వైపు ఎవరినీ పోగొట్టుకోకూడదనుకుంటే దాన్ని పరిశీలించండి.

ఇంకో దారి, మ్యాచింగ్‌కు ముందే ప్రాపెన్సిటీ స్కోరు అంచులను కత్తిరించడం. క్రంప్, మరో ముగ్గురు 2009లో సూచించిన 0.1 నుంచి 0.9 అనే నియమం బాగా వాడుకలో ఉంది. లేదా గీత గీయకుండా, రెండు గ్రూపులూ కలిసే ప్రాంతంలో ఉన్నవాళ్లకు ఎక్కువ, అంచుల్లో ఉన్నవాళ్లకు తక్కువ ప్రాధాన్యం ఇచ్చే ఓవర్‌ల్యాప్ వెయిట్లు వాడొచ్చు. ఇవి మ్యాచింగ్ కావు, కానీ క్యాలిపర్ పెట్టి చాలామందిని పోగొట్టుకుంటున్నవాళ్లకు ఇవే మెరుగని నాకనిపిస్తుంది. ప్రశ్న ఎలాగూ మారుతోంది, ఇక్కడ అది మారిందని పేరు పెట్టి మరీ చెబుతారు.

సాఫ్ట్‌వేర్ తీరు

ఒకే పరిస్థితికి ఒక్కో ప్యాకేజీ ఒక్కోలా స్పందిస్తుంది. తెలియకపోతే టెన్షనే. మ్యాచ్‌ఇట్ జత కుదరనివాళ్లకు సున్నా వెయిట్ ఇస్తుంది. ఆ తర్వాత జతల డేటా బయటకు తీసే ఫంక్షన్ వాళ్ల వరుసలను మామూలుగా తీసేసి ఇస్తుంది. వాళ్లను ఉంచమని మీరే చెప్పాలి. ఆర్‌లోనే ఉన్న మరో ప్యాకేజీ ఆప్ట్‌మ్యాచ్ వాళ్ల గుంపు పేరు స్థానంలో ఎన్ఏ (విలువ లేదు అని) పెడుతుంది. దాని పెయిర్‌మ్యాచ్ ఫంక్షన్ ఇంకా పట్టుదల మనిషి. ట్రీట్‌మెంట్ వైపు ఒక్కరికి తగిన కంట్రోల్ లేకపోయినా, అలాంటివాళ్లను తీసేయమని మీరు అనుమతి ఇచ్చేదాకా మొత్తం మ్యాచింగ్‌నే విఫలం చేస్తుంది. స్టాటాలోని టీఎఫెక్ట్స్ కమాండ్ క్యాలిపర్ లోపల ఒక్కరికి జత దొరక్కపోయినా ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఓశాంపిల్ అనే ఆప్షన్ ఇస్తే అలాంటివాళ్లను ఒక కాలమ్‌లో గుర్తుపెట్టి చూపిస్తుంది, తీసేయాలా వద్దా అన్నది మీకే వదిలేస్తుంది. పీఎస్‌మ్యాచ్2 ఆగదు. ఉమ్మడి పరిధిలో ఎవరున్నారో చెప్పే కాలమ్, వెయిట్ కాలమ్ రాసి ముందుకెళ్తుంది. ఆగిపోయే ప్రోగ్రామ్‌లు విసుగు తెప్పిస్తాయి, నిజమే. అయినా ఈ విషయంలో నేను వాటి పక్షమే. నిర్ణయం మనిషి తీసుకోవాలి, డిఫాల్ట్ సెట్టింగ్ కాదు.

ఒక జాగ్రత్త: లక్షణాల కాలమ్‌లో విలువ లేక పోయిన వరుసలు వేరు, జత దొరక్క పోయినవి వేరు. రెండింటినీ కలిపి ఒకే సంఖ్యగా రాయకండి. మొదటిది మ్యాచింగ్‌కు ముందే తేల్చుకోవాలి.

మరి ఏది ఎంచుకోవాలి?

కంట్రోల్స్ ట్రీట్‌మెంట్ గ్రూపుకు చాలా రెట్లు ఉండి, రెండు గ్రూపుల స్కోర్లు బాగా కలుస్తుంటే ఎక్కువ ఆలోచించక్కర్లేదు. నియరెస్ట్ నైబర్, కుదిరితే ఒకరికి ఇద్దరు ముగ్గురు కంట్రోల్స్, ఒక మోస్తరు క్యాలిపర్ సరిపోతాయి. మిగిలేది దాదాపు అంతా కంట్రోల్సే.

కంట్రోల్స్ సమానంగానో తక్కువగానో ఉంటే, లేదా లలోండ్ డేటాలోలా ఒక ముఖ్యమైన వర్గంలో తక్కువైతే, రీప్లేస్‌మెంట్ లేని ఒకరికి ఒకరు పద్ధతిని మొదటే పక్కన పెట్టండి. ఫుల్ మ్యాచింగ్ వేసి చూడండి, తర్వాత రీప్లేస్‌మెంట్‌తో వేసి చూడండి. బ్యాలెన్స్, ఎఫెక్టివ్ శాంపిల్ సైజు రెండూ పక్కపక్కన పెట్టుకుని ఎంచుకోండి. ఈ పోలికంతా ఫలితం కాలమ్ తెరవకముందే జరగాలి. ఫలితం చూశాక పద్ధతి మారిస్తే ఆ ఎంపికకు విలువ లేదు.

అసలు కొందరికి పోల్చదగ్గ మనిషే లేకపోతే ఏ పద్ధతీ జతను పుట్టించలేదు. అప్పుడు మూడు దారులున్నాయి. వాళ్లను వదిలేసి, ఈ ఫలితం జత కుదిరినవాళ్లకు మాత్రమే అని శీర్షికలోనే చెప్పడం ఒకటి. దూరపు జతతో ఉంచి రిగ్రెషన్‌తో సవరించడం రెండోది. అబాడీ, ఇంబెన్స్ 2011లో ఇచ్చిన బయాస్ సవరణ ఈ కోవదే, స్టాటాలో ఉంది. కాకపోతే డేటా లేని చోట మోడల్ మాటే నమ్మాల్సి వస్తుంది. మూడోది హద్దులు ఇవ్వడం, దీన్ని జనం తగినంతగా వాడరు. ఫలితం అవును లేదా కాదు అనే రకమైతే లెక్క చాలా సులువు. 80 శాతం మందికి జత దొరికింది, వాళ్లలో ప్రభావం 0.15 అనుకుందాం. మిగిలిన 20 శాతంలో 60 శాతం మందికి మంచి ఫలితం వచ్చింది. ట్రీట్‌మెంట్ లేకపోతే వాళ్లలో ఎంతమందికి వచ్చేదో తెలియదు, కానీ అది 0కు 1కి మధ్యే ఉంటుంది. కాబట్టి వాళ్ల మీద ప్రభావం మైనస్ 0.4కు 0.6కు మధ్య ఉంటుంది. మొత్తం ఏటీటీ 0.04 నుంచి 0.24 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. వెడల్పు ఎక్కువే, కానీ ప్రభావం సున్నాకు పైనే ఉందని, ట్రీట్‌మెంట్ లేకపోతే జత దొరకనివాళ్లకు ఏమయ్యేదో ఏమీ ఊహించకుండానే చెప్పగలిగాం.

రిపోర్ట్ రాసేటప్పుడు పట్టికలో మూడు నిలువు వరుసలు పెట్టండి: ట్రీట్‌మెంట్ గ్రూపు మొత్తం, అందులో జత కుదిరినవాళ్లు, కుదరనివాళ్లు. ప్రతి లక్షణానికీ సగటు ఇవ్వండి. సాధారణంగా అందరూ జత కుదిరిన ట్రీట్‌మెంట్‌కూ కంట్రోల్స్‌కూ మధ్య బ్యాలెన్స్ మాత్రమే చూపిస్తారు. అది అవసరమే, కానీ ఎవరు బయటికి వెళ్లారో అందులో కనిపించదు. మొదటి రెండు వరుసలూ దగ్గరగా ఉంటే, మీరు కొలిచిన లక్షణాల వరకు ఆ అంకెను ఏటీటీ అనొచ్చు. దూరంగా ఉంటే ఏటీటీ అనే మాట తీసేసి, జత కుదిరినవాళ్ల మీద సగటు ప్రభావం అని రాయండి, వాళ్లు ఎలాంటివాళ్లో పక్కనే ఒక వాక్యంలో చెప్పండి.